పరిశోధనకు వ్యాఖ్యాతలు కావాలి

ఒక గ్రంథం వెలువడినంత మాత్రాన అది పాఠకునికి చేరినట్లు కాదు. కాళిదాసు కావ్యాలు ఉత్తమమైనవని లోకమంతా అంగీకరిస్తుంది. అయినా శతాబ్దాల తరబడి విద్యార్థులు ఆ కావ్యాలను చదువుకొన్నది మల్లినాథసూరి వ్యాఖ్య సహాయంతోనే. మెతుకుసీమకు చెందిన ఈ పండితుడు తన వ్యాఖ్యానానికి రెండు నియమాలు విధించుకొన్నాడు. ఆధారం లేనిదాన్ని వ్రాయకపోవడం మొదటిది. పాఠకునికి అక్కరలేనిదాన్ని చెప్పకపోవడం రెండవది. తన వ్యాఖ్యకు ఆయన 'సంజీవని' అని పేరు పెట్టాడు. మంచి వ్యాఖ్య ప్రాణం పోస్తుందనీ, చెడు వ్యాఖ్య విషంతో సమానమనీ ఆ పేరులోనే సూచన ఉంది. సాహిత్యానికి సంబంధించిన ఈ భావన నేడు మన ఊళ్లలోని ఆరోగ్యసేవకు అక్షరాలా వర్తిస్తుందని నా అభిప్రాయం.

ప్రపంచంలో ఏటేటా లక్షల సంఖ్యలో వైద్య పరిశోధన వ్యాసాలు వెలువడుతున్నాయి. ఒకే విషయంపై జరిగిన పరిశోధనలను ఒకచోట చేర్చి, వాటి బలాబలాలను తూచి, సారాంశాన్ని చెప్పడానికి 1993లో బ్రిటన్‌లో కొక్రేన్ సంస్థ ఏర్పడింది. ఆ సమీక్షలను మన దేశంలో అందరూ ఉచితంగా చదువుకొనే ఏర్పాటును 2007లో భారత వైద్య పరిశోధన మండలి చేసింది. ఇది గొప్ప ప్రయత్నమే. కాని ఆ సమీక్షల భాష ఇంగ్లీషు. అందులోనూ వైద్య పరిభాషతో నిండిన ఇంగ్లీషు. ఇల్లిల్లూ తిరిగే ఆశా కార్యకర్తకు, ఉపకేంద్రంలోని ఏ.ఎన్.ఎమ్.కు, ఊరిలో వైద్యశిబిరాలు నడిపే స్వచ్ఛంద సంస్థకు, గ్రామ ఆరోగ్య కమిటీ సభ్యులకు అది అందని పండు. గ్రంథాలయం తలుపులు తెరుచుకొన్నంత మాత్రాన చదువు రాదు కదా!

రేపల్లె ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకొందాం. కృష్ణానది సముద్రంలో కలిసే చోటికి చేరువలో ఉన్న ఈ డెల్టా భూములకు వరి ప్రధానమైన పంట. నీరు, ఎలుకలు, గడ్డివాములు ఉన్నచోట పాములు తిరగడం సహజం. నదికి అవతలి ఒడ్డున ఉన్న దివిసీమలో 2018 ఆగస్టులో పాముకాట్లు పెరిగి రాష్ట్రమంతటా ఆందోళన కలిగించాయి. 2020లో ప్రచురితమైన ఒక అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటువల్ల సుమారు 12 లక్షల మంది మరణించారు. అంటే ఏటా సగటున 58,000 మంది. ఈ మరణాలు అధికంగా సంభవించిన ఎనిమిది రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. మృతులలో ఎక్కువమంది పల్లెవాసులు. దాదాపు సగం మరణాలు జూన్, సెప్టెంబరు మాసాల నడుమ, అంటే రైతు పొలంలో దిగి పనిచేసే రోజులలోనే జరిగాయి.

పాము కరిచిన వెంటనే ఏమి చేయాలన్న విషయంలో వైద్యశాస్త్రం చెప్పే మాట స్పష్టంగా ఉంది. కాటుకు పైన తాడు బిగించరాదు. గాయాన్ని కోయరాదు. నోటితో విషం పీల్చరాదు. కరిచిన చోటు కదలకుండా చూసి, రోగికి ధైర్యం చెప్పి, 108 వాహనంలోనో మరొక వాహనంలోనో విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి ఆలస్యం లేకుండా చేర్చాలి. బిగించిన కట్టు రక్తప్రసరణను ఆపి కాలికో చేతికో ముప్పు తెస్తుంది. రక్తపింజర విషం రక్తం గడ్డకట్టే శక్తిని హరిస్తుంది గనుక కత్తిగాటు ప్రాణాంతకం కావచ్చు. ఈ సంగతులు పుస్తకాలలో ఉన్నాయి. పల్లెలలో మాత్రం తాడుకట్టు, పసరు, మంత్రం పూర్తిగా పోలేదు.

దీనిని అజ్ఞానమని కొట్టిపారవేయడం సులభం. అయితే ఊరి నమ్మకానికి కూడా ఒక కారణం ఉంది. పాములన్నీ విషసర్పాలు కావు. విషసర్పం కరిచిన ప్రతిసారీ విషం ఎక్కదు. కాబట్టి మంత్రం వేసినా, వేయకపోయినా కొందరు బ్రతుకుతారు. బ్రతికినవారిని చూసి మంత్రం ఫలించిందని ఊరు చెప్పుకొంటుంది. మంత్రగాని గుమ్మం ముందు కాలం గడిచిపోయి, ఆసుపత్రి దారిలో కన్నుమూసినవారి లెక్కను ఎవరూ వ్రాయరు. పరిశోధన చేసే పని ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన వ్రాసి చూపడమే. ఇంత చిన్న విషయాన్ని ఊరివారి మనసు నొచ్చుకోకుండా, వారి మాటలలోనే విప్పిచెప్పగల వ్యక్తి కావాలి. ఆజ్ఞాపించడం వేరు, వ్యాఖ్యానించడం వేరు. 2030 నాటికి పాముకాటు మరణాలను సగానికి తగ్గించాలన్న లక్ష్యంతో 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వం జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించింది. ఆ ప్రణాళిక పొలంగట్టు మీద నిలిచిన రైతుకూలీ చెవికి ఏ మాటగా చేరుతుందన్నదే అసలు ప్రశ్న.

ఇది అసాధ్యమైన పని కాదు. వ్యవసాయ రంగంలో మన ప్రాంతం ఈ పనిని చేసి చూపింది. బాపట్లలో 1945లో వ్యవసాయ కళాశాల ఏర్పడింది. అక్కడి పరిశోధన కేంద్రం రూపొందించిన బీపీటీ 5204 అనే వరి వంగడం 1986లో విడుదలయింది. సాంబ మసూరిగా పేరుపొందిన ఆ బియ్యం నేడు తెలుగువారి భోజనంలో భాగం. ఆ వంగడాన్ని గురించి శాస్త్రజ్ఞులు వ్రాసిన వ్యాసాలను చదివి రైతులు విత్తనం చల్లలేదు. విస్తరణాధికారులు పల్లెలకు వెళ్లి చెప్పారు. పొరుగువాని పొలంలో పండిన పంటను రైతు కళ్లారా చూశాడు. ఆ తరువాతనే నమ్మాడు. ప్రయోగశాలకూ పొలానికీ నడుమ తిరిగే మనుషులు ఉండాలని వ్యవసాయ శాస్త్రం ముందుగానే గుర్తించింది. ఆ పనికి 'విస్తరణ' అని పేరు పెట్టి, దానిని ఒక పాఠ్యాంశంగా బోధించింది.

మరొక విశేషం కూడా గమనించదగినది. విస్తరణ ఒకవైపు మాత్రమే సాగే ప్రయాణం కాదు. సాంబ మసూరికి ఎండాకు తెగులు బెడద ఎక్కువని పొలాలలో తేలింది. ఆ కష్టం తిరిగి శాస్త్రజ్ఞుల వద్దకు చేరింది. ఫలితంగా హైదరాబాదులోని పరిశోధన సంస్థలు ఆ తెగులును తట్టుకొనే మేలురకం సాంబ మసూరిని రూపొందించగా, అది 2008లో విడుదలయింది. ఆరోగ్యరంగంలో కూడా ఇట్లాంటి రాకపోకలు జరగాలి. ఆశా కార్యకర్త పైనుంచి వచ్చిన ఆదేశాన్ని మోసుకుపోయే వ్యక్తి మాత్రమే కాదు. ఏ సలహా ఏ ఇంటిలో ఎందుకు అమలు కాలేదో ఆమెకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. ఆమె చెప్పేదాన్ని వినేవారు కూడా ఉండాలి.

పరిశోధన ఫలితాన్ని ఉన్నదున్నట్లుగా పల్లెకు పంపితే చాలదా, నడుమ వ్యాఖ్యానం ఎందుకని కొందరు ప్రశ్నించవచ్చు. దీనికి ఒక గంభీరమైన సమాధానం ఉంది. నెలలు నిండకముందే ప్రసవం అయ్యే సూచనలున్న తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే పుట్టబోయే శిశువు ఊపిరితిత్తులు బలపడతాయని 1972లో న్యూజీలాండ్ వైద్యులు ప్రకటించారు. పెద్ద ఆసుపత్రులలో ఈ చికిత్స ఎందరో శిశువులను బ్రతికించింది. దీనిని సామాన్య ఆరోగ్యకేంద్రాల స్థాయికి విస్తరించి చూసిన ఒక అధ్యయనం 2015లో ప్రచురితమైంది. మన దేశంలోని బెళగావి, నాగపూర్ ప్రాంతాలతో సహా ఆరు దేశాలలో అది జరిగింది. అక్కడ ఆశించిన మేలు కలగలేదు. పైగా మొత్తం మీద నవజాత శిశు మరణాలు కొంత పెరిగాయి. ఐదేళ్ల తరువాత, 2020లో, తగిన సదుపాయాలున్న ఆసుపత్రులలో జరిపిన మరొక అధ్యయనంలో అదే మందు శిశువుల ప్రాణాలను కాపాడుతుందని మళ్లీ రుజువయింది.

మందు ఒక్కటే, సందర్భాలు వేరు. గర్భం ఎన్ని నెలలదో కచ్చితంగా లెక్కించే వీలు, బలహీనంగా పుట్టిన బిడ్డను కాపాడుకొనే ఏర్పాటు ఉన్నచోట అమృతమైన మందు, అవి లేనిచోట కీడు చేయవచ్చు. మన అలంకారశాస్త్రంలో క్షేమేంద్రుడు ఔచిత్యాన్ని కావ్యానికి ప్రాణంగా ప్రతిపాదించాడు. ఎంత అందమైన అలంకారమైనా ఉండవలసిన చోట లేకపోతే శోభించదు. పరిశోధన ఫలితానికి కూడా ఈ సూత్రం వర్తిస్తుంది. ఈ అధ్యయనం ఎక్కడ జరిగింది? ఎవరిపై జరిగింది? మన ఊరిలో ఆ పరిస్థితులు ఉన్నాయా? ఈ ప్రశ్నలు అడగడమే వ్యాఖ్యాత మొదటి ధర్మం.

ఇందుకు భిన్నంగా, పల్లె నుంచే పుట్టిన పరిశోధనలు కూడా ఉన్నాయి. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో అభయ్ బంగ్, రాణి బంగ్ దంపతులు గ్రామీణ మహిళలకు శిక్షణ ఇచ్చి, 39 గ్రామాలలో నవజాత శిశువులకు ఇంటివద్దనే సంరక్షణ కల్పించారు. మూడవ సంవత్సరానికి, ఈ సేవ లేని గ్రామాలతో పోలిస్తే నవజాత శిశు మరణాల రేటు 62 శాతం తగ్గింది. ఆ ఫలితం 1999లో ప్రచురితమైంది. ఆశా కార్యకర్తల ద్వారా దేశమంతటా ఆ పద్ధతిని అమలు చేయాలన్న నిర్ణయం 2011లో జరిగింది. నడుమ గడిచినవి పన్నెండేళ్లు. ఆ పన్నెండేళ్లలో పుట్టి, నెల తిరగకుండానే కన్నుమూసిన పసిబిడ్డలను తలచుకొంటే, జ్ఞానం ఆలస్యంగా చేరడం కూడా ఒక వ్యాధివంటిదేనని అనిపిస్తుంది.

ఆ ఆలస్యాన్ని తగ్గించడంలో భాష పాత్ర గొప్పది. తెనాలికి ఈ విషయంలో ఘనమైన చరిత్ర ఉంది. తెనాలివాడైన చక్రపాణి శరత్‌బాబు నవలలను బెంగాలీ నుంచి అనువదిస్తే, అవి తెలుగు నవలలే అన్నంతగా మనవారు వాటిని తమవి చేసుకొన్నారు. 1909లో తెనాలిలో జన్మించిన కొడవటిగంటి కుటుంబరావు భౌతికశాస్త్రం చదివిన రచయిత. కథలు వ్రాసిన కలంతోనే ఆయన విజ్ఞానశాస్త్ర వ్యాసాలను కూడా తేట తెలుగులో వ్రాశాడు. పరాయి భాషలోని కథను ఇంటికి తెచ్చుకోగలిగిన మనం పరాయి భాషలోని ఆరోగ్య విజ్ఞానాన్ని తెచ్చుకోలేమా?

ఇందుకు కోట్ల రూపాయలు అవసరం లేదు. ప్రతి కొత్త వైద్య సలహాకూ ఒక పుట మించని తెలుగు వివరణ ఉండాలి. ఏమి కనుగొన్నారు, ఎక్కడ కనుగొన్నారు, మన ఊరికి ఎంతవరకు వర్తిస్తుంది, ఏది ఇంకా తేలలేదు అన్న నాలుగు విషయాలు అందులో చాలు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో జరిగే సమావేశాలలో ఒక అరగంటను ఆదేశాలకు గాక ప్రశ్నలకు కేటాయించాలి. స్వచ్ఛంద సంస్థలు ఎన్ని శిబిరాలు నడిపామన్న లెక్కతో సరిపెట్టుకోక, ఏ పని ఫలించింది, ఏది ఫలించలేదు అన్న లెక్కను కూడా నిజాయితీగా వ్రాసి ఉంచాలి. ప్రతి జిల్లాలోనూ వైద్యశాస్త్రం తెలిసినవారు, తెలుగు బాగా వ్రాయగలవారు కలిసి కూర్చుని ఈ పుటలను సిద్ధం చేయాలి. ఆశా కార్యకర్త చదివి, అర్థమైందని చెప్పిన తరువాతనే అవి అచ్చు కావాలి.

విద్యార్థులారా! మీలో అనేకులు రేపు వైద్యులు, నర్సులు, ఔషధ నిపుణులు, శాస్త్రజ్ఞులు కాగలరు. తెలుగు మీకు ద్వితీయ భాష కావచ్చు. కాని మీ వద్దకు వచ్చే రోగికి అదే ప్రథమ భాష. చాలామందికి ఉన్నది ఆ ఒక్క భాషే. మీరు నేర్చిన శాస్త్రం ఆమె గుమ్మం దాటి లోపలికి వెళ్లాలంటే తెలుగు మాటగానే వెళ్లాలి. ఆధారం లేనిది చెప్పకండి. అక్కరలేనిది చెప్పకండి. చెప్పవలసినదాన్ని మాత్రం ఆమెకు అర్థమయ్యేవరకు చెప్పండి. ఒక పాముకాటు రోగి తాడుకట్టు లేకుండా సకాలంలో ఆసుపత్రికి చేరిన రోజున మీ తెలుగు చదువు కూడా సార్థకమైనట్లే.