చప్పుడు వేరు, సత్తా వేరు

మాది తొర్రూరు. వరంగల్లు నుంచి ఖమ్మం పోయే రోడ్డు మా ఊరి మీదుగానే పోతుంది. ఆ రోడ్డు మీద సైలెన్సరు మార్చిన బండి ఒకటి పోయిందంటే దుకాణాల ముందున్నవాళ్లు చెవులు మూసుకుంటారు. తోలే కుర్రవాడు మాత్రం లోకమంతా తననే మెచ్చుకుంటున్నదనుకుంటాడు!

మిత్రులారా, ఇంజనుకు మెరుగులు దిద్దడం తప్పని నేననను. అది గొప్ప విద్య. 1967లో జర్మనీలో ఔఫ్రెక్ట్, మెల్హర్ అనే ఇద్దరు ఇంజనీర్లు ఏఎంజీ పేరుతో చిన్న వర్క్‌షాపు పెట్టారు. మెర్సిడెస్ వారి బరువైన కారు ఒకటి తీసుకుని, దాని 6.3 లీటర్ల ఇంజనును 6.8 లీటర్లకు పెంచి, 250 హార్స్‌పవరును 428 చేశారు. 1971లో బెల్జియంలోని స్పాలో జరిగిన 24 గంటల పందెంలో ఆ కారు రెండో స్థానంలో నిలిచింది. తర్వాతి కాలంలో ఆ సంస్థను మెర్సిడెస్ వారే కొనుక్కున్నారు. విద్యకున్న విలువ అది!

మరి మనవాళ్లు చేసేదేమిటి? బరువు లెక్కన ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండాలంటే దాదాపు 14.7 పాళ్ల గాలి కావాలె. ఆ లెక్క చూడకుండా ఒట్టి సైలెన్సరు మారిస్తే పెరిగేది చప్పుడే. టర్బో ఉన్న స్పోర్ట్స్ కారులో కంప్యూటరు లెక్కలు మార్చి గాలి ఒత్తిడి పెంచితే బలం నిజంగానే పెరుగుతుంది. దాంతోపాటు వేడీ పెరుగుతుంది. హద్దు దాటితే పెట్రోలు అదను తప్పి మండి పిస్టన్లు పాడవుతాయి. ఇక బ్రేకుల సంగతి? వేగం రెట్టింపైతే బ్రేకు పట్టాక బండి ఆగే దూరం నాలుగింతలు. మా ఊరి మెకానిక్కు ఒకాయన అనే మాట ఇదే: "ఉరుకుడు తర్వాత తమ్మీ, ముందుగాల ఆగుడు చూడు."

చట్టమూ ఊరుకోదు. కంపెనీ ఇచ్చిన రూపాన్ని అనుమతి లేకుండా మార్చరాదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం చెబుతోంది. 2019 సవరణతో ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా-ఈ పందెం జరిగింది. గంటకు 300 కిలోమీటర్లు దాటగల విద్యుత్ కార్లవి. పెట్రోలు కార్ల గర్జన వాటికి లేనే లేదు. వేగానికి చప్పుడు కొలమానం కాదనడానికి ఇంతకంటే రుజువేం కావాలె?

కుర్రవాళ్లను జరిమానాలతో బెదిరిస్తే సరిపోదు. జిల్లాకొక పాలిటెక్నిక్కులోనైనా ఇంజను బలాన్ని కొలిచే డైనమోమీటరు పెట్టి, సెలవు దినాల్లో మెకానిక్కులకూ విద్యార్థులకూ దాని తలుపులు తెరవాలె. రోడ్డుకు దూరంగా ఒక పందెపు బాట ఉండాలె. మన యూనియన్ వచ్చే ఏడాది కోర్కెల పట్టికలో ఈ రెండూ చేర్చాలని నా మనవి. అందాక నేర్పున్న చేతులు సైలెన్సర్లు బిగిస్తూనే ఉంటాయి. మన తమ్ముళ్లు జనం నడిచే రోడ్లమీదే పందేలు కడుతుంటారు.