అడవి పంది మాంసం... ఇంటికి తేకండి

వేరుశనగ, మొక్కజొన్న చేలను రాత్రికి రాత్రే కుళ్లగించిపోయే అడవి పందిపై మీకు కోపం రావడం సహజం. అనుమతి లేకుండా చంపితే 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద నేరమని తెలిసినా, చాటుమాటుగా వాటాలు వేసుకునేవారున్నారు. చట్టం సంగతి అటుంచి ఒంటి సంగతి చూడండి.

ఎలుకల్నీ, కళేబరాల్నీ తినే ఈ జంతువు కండలో ట్రైకినెల్లా అనే పురుగు పిల్లలు చుట్టచుట్టుకుని ఉండొచ్చు. కంటికి కనబడవు. ఉప్పు పట్టించి ఎండబెట్టినా, పొగబెట్టినా చస్తాయన్న భరోసా లేదు. నిప్పులమీద పైపైన కాల్చిన ముక్క మరీ ప్రమాదం. తిన్న ఒకటి రెండు రోజులకు వాంతులు, విరేచనాలు. కొన్ని వారాలకు జ్వరం, కండరాల నొప్పులు, కళ్లచుట్టూ వాపు రావచ్చు. ఉత్త జ్వరమేనని సూది వేయించుకుని ఊరుకోకండి. ఏం తిన్నారో డాక్టరు దగ్గర దాచొద్దు.

కార్జం, ఊపిరితిత్తులు కుక్కలకు పడేయడం ఇంకో పొరపాటు. వాటిలో నీటితిత్తులుంటే కుక్క పేగుల్లో బద్దెపురుగులవుతాయి. ఆ గుడ్లు కుక్కతో ఆడుకునే పిల్లల నోట్లోకి పోతాయి. అసలు మాంసమే ముట్టని ఇంట్లోనూ ఈ తిత్తులకు ఆపరేషను చేయించాల్సి రావచ్చు!

అనుమతితో కాల్చిన పందినైనా దగ్గరుండి లోతుగా పూడ్పించే బాధ్యత అటవీ శాఖ తీసుకోవాలి. గ్రామసభలో ఈ మాట గట్టిగా అడగండి.