బస్తీ పైసలకు బస్తీయే పెద్ద

మెట్రో రైలు 2020 ఫిబ్రవరిలో జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా వచ్చి మూసీ దగ్గర ఆగిపోయింది. అదే లైన్‌లో ఫలక్‌నుమా దాకా పోవాల్సిన ఐదున్నర కిలోమీటర్లు కాగితం మీదనే ఉండిపోయాయి. అలైన్‌మెంట్ వివాదాలన్నారు, ఆస్తుల సేకరణ అన్నారు. వివాదాలు సుల్తాన్‌బజార్‌లో లేవా? అక్కడ తెగినవి పాతబస్తీలో ఎందుకు తెగలేదు? శంకుస్థాపన రాయి పడడానికే 2024 మార్చి దాకా ఆగాల్సి వచ్చింది.

మెట్రో పెద్ద ముచ్చట. గల్లీలోని మోరీ సంగతి చూడండి. అది ఎప్పుడు బాగు కావాలో, ఎంత ఖర్చు పెట్టాలో చెప్పేది దాని పక్కన బతికే మనిషి కాదు. అధికారి అంచనా వేస్తాడు, కాంట్రాక్టర్ బిల్లు ఎత్తుకుంటాడు. వాన పడితే ఇంట్లోకి నీళ్లు మాత్రం ఆమెకే వస్తాయి.

బస్తీవాళ్లకు తెలివెక్కడిదని వెక్కిరించే పెద్దమనుషులకు ఈ నగర చరిత్రే జవాబు. 1967లో హైదరాబాద్‌లోనే పట్టణ సామాజిక అభివృద్ధి పథకం మొదలైంది. మీకేం కావాలని కార్యకర్తలు బస్తీకి పోయి అడిగారు. బాలవాడీలు, కుట్టు కేంద్రాలు వచ్చాయి. తర్వాత పట్టా చేతికిచ్చి, బ్యాంకు అప్పు ఇప్పిస్తే పేదలు తమ ఇండ్లు తామే కట్టుకున్నారు. దేశమంతా వచ్చి చూసిపోయిన పని అది. మనమే మరిచిపోయాం.

మూడు లక్షల జనాభా దాటిన నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని 74వ రాజ్యాంగ సవరణ 1993 నుంచీ చెబుతోంది. పుణె నగరం 2006లోనే వార్డు పనులను పౌరులు సూచించే బడ్జెట్ పద్ధతి తెచ్చింది. ఇక్కడ అడ్డమేమిటి?

ప్రమాదాలూ ఉన్నాయి, దాచొద్దు. కమిటీ పేరుతో నలుగురు పైరవీకారులు కూచుంటే అది కొత్త కాంట్రాక్టు రాజ్యమే. రోడ్డు బాగుపడగానే కిరాయి పెంచి పేదను వెళ్లగొడితే ఆ పెట్టుబడి ఎవరి కోసం? అందుకే కమిటీలో కిరాయిదారులకు, మహిళా పొదుపు సంఘాలకు చోటుండాలి. ప్రతి బిల్లూ గల్లీ గోడమీద రాయాలి. నిధుల కోసం కొట్లాడి 2014లో రాష్ట్రం తెచ్చుకున్నాం. ఆ నిధుల లెక్క సచివాలయం గేటు దగ్గర ఆగొద్దు. విద్యార్థులు, ఉద్యోగులు తమ వార్డు బడ్జెట్ కాగితాన్ని సమాచార హక్కు కింద అడిగి తెచ్చి, బస్తీలో కూచుని చదివి వినిపించాలి. ఈ నెలలోనే మొదలుపెట్టండి.