ర్యామ్ కొనేముందు గాడి చూడప్పా!

పెళ్ళిళ్ళ సీజన్ మొదలైతే ధర్మవరంలో ఎవరికీ తీరికుండదు. అలాంటిది మా చిన్నమ్మ కొడుకు పొద్దున ఏడింటికే ఫోన్ చేశాడంటే ఏదో అయిందని అప్పుడే అనుకున్నా.

“అన్నా, కొత్త ర్యామ్ వేసినా. కంప్యూటర్ ఆన్ చేస్తే కుయ్ కుయ్ అని మొత్తుకుంటాంది. స్క్రీన్ మీద ఏమీ రాలేదు. నాయన మగ్గం కాడ్నుంచి లేసొచ్చి పక్కనే నిలబడుకోనుండాడు. ఇప్పుడేం చెయ్యాల?”

“పాత ర్యామ్ ఉందా?”

“ఉందన్నా.”

“కరెంటు ఆపి, ప్లగ్గు పీకి, కొత్తది తీసేసి పాతది పెట్టు. సాయంత్రం రైలుకి నేనే వస్తా.”

నేనుండేది హిందూపురంలో. ధర్మవరం రైలెక్కితే మధ్యలో పెనుకొండ. ఈ కథలో ఆ మూడు స్టేషన్లూ వస్తాయి.

మా వాడు చీరల డిజైన్లు వేస్తాడు. ధర్మవరం పట్టుచీరంటే అందరూ చూసేది అంచు, కొంగు. అంచులో ఒక నెమలి రావాలంటే ఏ పోగు లేవాలో, ఏది లేవకూడదో ముందే తేల్చి పెట్టుకోవాలి. ఒకప్పుడు చిన్నాయన ఈ పనంతా గ్రాఫ్ పేపర్ మీద ఒక్కో గడీ నింపుకుంటూ చేసేవాడు. దాన్ని చూసి జకార్డు అట్టలకు రంధ్రాలు కొట్టేవాళ్ళు. ఇప్పుడా గళ్ళు కంప్యూటర్‌లో నిండుతున్నాయి. గది మూలనున్న డెస్క్‌టాప్ ఆగితే డిజైన్ ఆగుతుంది. డిజైన్ రాకపోతే మగ్గం మీద కొత్త చీర ఎక్కదు.

ఆ డెస్క్‌టాప్ మూడో తరం ఐ3. అందులో 4 జీబీ ర్యామ్. కొన్ని నెలలుగా జూమ్ చేస్తే చాలు బిగుసుకుపోతోంది. ఒక షాపులో చూపిస్తే “ఇది అయిపోయింది, కొత్తది తీసుకోండి, 38 వేలు” అన్నారంట. ఆ మాట విని చిన్నాయన రెండ్రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. పట్టు నూలుకి దాచిన డబ్బు అది. అప్పుడు మా వాడు ఫోన్‌లో వెతికి, అన్నిటికంటే చవగ్గా కనపడిన 8 జీబీ డీడీఆర్3 స్టిక్కు ఒకటి ఆర్డర్ పెట్టాడు. అదే ఈ కుయ్ కుయ్.

వాణ్ని తిట్టే అర్హత నాకు లేదులెండి. నేనూ ఒకసారి బెంగళూరు ఎస్పీ రోడ్డుకి పోయి, సందులన్నీ తిరిగి, బేరమాడి మరీ డీడీఆర్4 స్టిక్కు కొన్నా. ఇంటికొచ్చి చూస్తే మా బోర్డు డీడీఆర్3. ఎటు తిప్పినా స్లాటులో కూర్చోదే! సుమారు 100 కిలోమీటర్లు పోయి రావడం, ఒక ఆదివారం, బేరంలో మిగిలిన రెండొందలు అన్నీ గంగలో కలిశాయి.

అందుకే ఫోన్ పెట్టేసే ముందు మా వాణ్ని ఒకటే అడిగా: పాత స్టిక్కు మీదున్న స్టిక్కర్ ఫొటో తీసి వాట్సాప్ చెయ్యమని. మీరూ ర్యామ్ కొనేముందు ఇదే చెయ్యండి. ఆ చిన్న కాగితం మీద కావాల్సిందంతా ఉంటుంది. వాడు పంపిన ఫొటోలో 4 జీబీ, పీసీ3-10600 అని ఉంది. పీసీ3 అంటే డీడీఆర్3. 10600 అంటే స్పీడు 1333. అదే 12800 అని ఉంటే 1600. పీసీ4 అని మొదలైతే డీడీఆర్4. పీసీ3 పక్కన ‘ఎల్’ అక్షరముంటే 1.35 వోల్టులతో కూడా నడిచే రకం. మామూలు డీడీఆర్3కి 1.5 వోల్టులు కావాలి. డీడీఆర్4కి 1.2, డీడీఆర్5కి 1.1 చాలు.

డీడీఆర్3 వచ్చింది 2007లో, డీడీఆర్4 2014లో. ఒకటి పోయి ఇంకొకటి వచ్చినప్పుడల్లా కింది అంచులో ఉండే చిన్న గాడిని కొంచెం పక్కకి జరిపారు. పొరపాటున వేరే తరం బోర్డులో దూర్చి కాల్చుకోకుండా పెట్టిన అడ్డు అది. గాడి సరిపోకపోతే బలం చూపించొద్దు. పగిలేది ర్యామ్ కాదు, స్లాటు. స్లాటు పోతే బోర్డే మార్చాలి.

స్టిక్కర్ ఫొటో పట్టుకుని హిందూపురంలో నాకు తెలిసిన రిపేరు షాపుకి పోయా. ఏదో ఆఫీసు కంప్యూటర్లోంచి తీసిన అలాంటిదే 4 జీబీ స్టిక్కు డబ్బాలోంచి వెతికిచ్చాడు. ఆరొందలు. “పడకపోతే వాపస్ తీసుకుంటావా?” అని రెండుసార్లు అడిగి, సరేనన్నాకే డబ్బులిచ్చా. పాత ర్యామ్ కొనేటప్పుడు ఆ మాట అడక్కుండా రావొద్దు.

ధర్మవరం చేరేసరికి చీకటి పడింది. చిన్నమ్మ కాఫీ ఇచ్చింది. చిన్నాయన మాత్రం, “ఏమప్పా, ఇది బతుకుతాదా?” అన్నాడు. కంప్యూటర్‌ని గేదెని అడిగినట్టే అడిగాడు.

విప్పే ముందు రోగమేంటో చూద్దామని కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కా. టాస్క్ మేనేజర్ తెరుచుకుంది. మెమరీ 93 శాతం. డిస్కు 100 దగ్గర కొట్టుకుంటోంది. ఈ రెండూ కలిసి కనపడితే ర్యామ్ చాలట్లేదనే అర్థం. మగ్గం పక్కన బుట్టలో కండెలుంటాయి చూడండి, చెయ్యి చాపితే అందేలా. బుట్ట చిన్నదైతే నేసేవాడు ప్రతిసారీ లేచి అటక మీంచి కండె తెచ్చుకోవాలి. బుట్ట ర్యామ్, అటక హార్డ్ డిస్కు. మా వాడి కంప్యూటర్ రోజంతా అటక ఎక్కి దిగడంలోనే ఉంది. మెమరీ 50, 60 శాతమే ఉండి కూడా కంప్యూటర్ ఈడుస్తుంటే మాత్రం ర్యామ్ కొనొద్దు. తప్పు వేరే చోట ఉంది.

ఇంకో సంగతి. “డిజైన్ ఫైళ్ళు పెద్దవన్నా, అందుకే హ్యాంగ్ అవుతాంది” అన్నాడు వాడు. సరే లెక్కేద్దామన్నా. 2,400 గళ్ళ వెడల్పు, 4,800 గళ్ళ పొడవు డిజైన్‌లో మొత్తం కోటీ 15 లక్షల గళ్ళు. గడికి మూడు బైట్లు వేసుకున్నా 35 ఎంబీ లోపే. పది పొరలు పెట్టినా 350 ఎంబీ. మరి మిగతాది ఎవరు తింటున్నారు? క్రోమ్‌లో 14 ట్యాబులు, వాట్సాప్, రెండు యాంటీవైరస్‌లు! అవి మూసి, ఒక యాంటీవైరస్ తీసేస్తే 93 కాస్తా 78 అయింది. పైసా ఖర్చు లేకుండా. అయినా 4 జీబీతో ఈ రోజుల్లో ఇరుకే.

ఇక ఆ కొత్త 8 జీబీ స్టిక్కు. టార్చి వేసి చూస్తే స్టిక్కర్ మూలన చీమ తలకాయంత అక్షరాల్లో ‘ఏఎండీ ఓన్లీ’ అని ఉంది. ఇవి చవగ్గా దొరకడానికి కారణం అదే. లోపలి చిప్పుల అమరిక వేరు. ఆ కాలం ఇంటెల్ బోర్డులు దాన్ని చదవలేవు. గాడి సరిపోతుంది, స్లాటులో కూర్చుంటుంది, కానీ బోర్డు “నాకు ర్యామ్ కనపడట్లేదు” అని అరుస్తుంది. డీడీఆర్3 రాసుందా, గాడి పట్టిందా అని చూసుకున్నా మోసపోయేది ఇక్కడే.

బోర్డు హెచ్61. రెండే స్లాట్లు, ఒక్కోదాంట్లో 8 వరకు, మొత్తం 16 జీబీ. ప్రతి బోర్డుకీ ఇలా ఒక హద్దుంటుంది. బోర్డు పేరు సీపీయూ-జడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కనపడుతుంది. ఆ పేరుతో కంపెనీ సైట్‌లో వెతికితే ఎంత పడుతుందో తెలుస్తుంది.

ప్లగ్గు పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కి పట్టుకుని, క్యాబినెట్ ఇనుము తాకి (చేతుల్లో ఉండే స్టాటిక్ పోవడానికి) మూత తీశా. లోపల దుమ్ముతో పాటు పట్టు నూగు! మెత్తటి బ్రష్‌తో తుడిచి, ర్యామ్ కింద బంగారు రంగు పళ్ళని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, రెండు స్టిక్కులూ పెట్టి, చివర్లలో క్లిప్పులు టక్‌మని పడేదాకా నొక్కా. ఆన్ చేస్తే ఒక్క కుయ్ లేదు. 8 జీబీ.

8 జీబీ అని చూపించి, పక్కనే బ్రాకెట్లో ‘వాడుకోగలిగేది 3.4 జీబీ’ అంది. నా మొహం చూసి చిన్నాయన, “మళ్ళా ఏమైంది?” అన్నాడు.

ఇది నేను ముందే చూసుండాల్సింది. ఎవరో అందులో 32 బిట్ విండోస్ ఎక్కించి పోయారు. దానికి 4 జీబీ దాటి లెక్క తెలియదు. మీరు 16 పెట్టినా అంతే. 64 బిట్ విండోస్ వెయ్యాలి. అంటే సీ డ్రైవ్ తుడిచెయ్యాలి.

“డిజైన్లన్నీ ఎక్కడున్నాయిరా?”

“డీ డ్రైవ్‌లో.”

“కాపీ ఇంకెక్కడన్నా?”

వాడు చిన్నాయన వైపు చూశాడు. ఎక్కడా లేదు. ఏళ్ళ తరబడి వేసిన అంచులు, కొంగులు, చిన్నాయన గ్రాఫ్ పేపర్ల నుంచి ఎక్కించిన పాత మామిడిపిందెలు, హంసలు అన్నీ ఆ ఒక్క ముసలి హార్డ్ డిస్కులో. ర్యామ్ గొడవ పక్కన పెట్టేశాం. ఆ రాత్రి రెండు గంటలు కూర్చుని ఒక ఎక్స్‌టర్నల్ డిస్కులోకి, ఇంకో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాం. చిన్నాయన కుర్చీ లాక్కుని కూర్చుని, ఒక్కో ఫైల్ తెరిపించి చూశాడు. “ఆ, ఇది ఉంది. అది?” అని అడుగుతూనే ఉన్నాడు. అన్నీ ఉన్నాయని తేలాకే ఫార్మాట్ చెయ్యనిచ్చాడు. డిజైన్ సాఫ్ట్‌వేర్‌కి ఉండే డాంగిల్‌కి 64 బిట్ డ్రైవర్ దొరుకుతుందో లేదో కూడా ఫార్మాట్‌కి ముందే చూసుకోవాలి. మాకు దొరికింది. దొరక్కపోయుంటే అక్కడే ఆగిపోయేవాళ్ళం.

తెల్లారేసరికి 8 జీబీ మొత్తం పనిలోకొచ్చింది. పాత విండోస్ 10నే 64 బిట్‌లో వేశాం. మూడో తరం ఐ3కి విండోస్ 11 అధికారికంగా రాదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆపేసింది. అందుకని ఆ మెషీన్‌కి నెట్ పీకేశాం. వాట్సాప్‌లో వచ్చే డిజైన్లు ఫోన్ నుంచి కేబుల్‌తో ఎక్కించుకోమన్నా. జూమ్ చేస్తే ఇప్పుడు బిగుసుకోవట్లేదు. ఆన్ అవ్వడానికి మాత్రం ఇంకా టీ తాగొచ్చేంత సేపు పడుతోంది. అది హార్డ్ డిస్కు పని, ర్యామ్ ఏం చెయ్యలేదు. పాత స్టిక్కు 1333, తోడు స్టిక్కూ 1333 కాబట్టి జంట బాగా కుదిరింది. 1600 తెచ్చినా నడిచేదే, కాకపోతే రెండూ తక్కువ స్పీడుకే దిగుతాయి.

మరి ఆ ‘ఏఎండీ ఓన్లీ’? అమ్మినవాళ్ళు వాపస్ తీసుకోమన్నారు. పెనుకొండలో నా ఫ్రెండొకడు ఎర్రమంచి కియా ఫ్యాక్టరీ షిఫ్టులకు పోతుంటాడు. వాళ్ళింట్లో పిల్లలు వాడే పాత ఏఎండీ డెస్క్‌టాప్ ఉందని గుర్తొచ్చింది. రైల్లోంచే ఫోన్ చేసి, ముందు బోర్డు ఫొటో తెప్పించుకున్నా. డీడీఆర్3నే. పెనుకొండలో దిగి పెట్టి చూస్తే మొదటిసారికే తీసుకుంది. మా వాడు పెట్టిన డబ్బులు వాడికి ఫోన్‌పే అయిపోయాయి.

ఇప్పుడిలా తప్పుది కొంటే దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. 2025 చివర్నుంచి ర్యామ్ ధరలు ఎగబాకుతున్నాయి. ప్రపంచంలో మెమరీ చిప్పులు ఎక్కువగా చేసేవి శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఏఐ డేటా సెంటర్లు పెద్ద మొత్తంలో కొనేస్తుంటే ఆ కంపెనీలు అటే మొగ్గాయి. మామూలు జనానికి ర్యామ్ అమ్మే తన క్రూషియల్ బ్రాండ్‌ని ఆపేస్తున్నట్టు మైక్రాన్ 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. ఎక్కడో అమెరికాలో సర్వర్లు పెడితే ధర్మవరంలో స్టిక్కు రేటు పెరుగుతోంది.

ల్యాప్‌టాప్ వాళ్ళకి రెండు ముక్కలు. దాని స్టిక్కు డెస్క్‌టాప్ దాంట్లో సగం పొడవుంటుంది, ఇదీ అదీ మారవు. నాలుగో తరం ఇంటెల్ ల్యాప్‌టాపులకి చాలావరకు ‘ఎల్’ రకమే కావాలి. సన్నటి కొత్త మోడళ్ళలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, మార్చలేం. మా పక్కింటి చెల్లి డిగ్రీలో చేరినప్పుడు కొన్నది అలాంటిదే. “తర్వాత పెంచుకోవచ్చు” అని షాపులో చెప్పారంట. కొనేముందే టాస్క్ మేనేజర్ తెరిపించి, మెమరీ దగ్గర స్లాట్లు ఎన్ని, ఎన్ని నిండాయి అని చూపించమనండి. అక్కడ తేడాగా ఉంటే మోడల్ నంబర్‌తో కంపెనీ సైట్ చూడండి.

ఇది రాస్తుండగానే మా వాడి నుంచి వాట్సాప్ వచ్చింది. క్యాబినెట్ మూత తీసి, హార్డ్ డిస్కు మీదున్న స్టిక్కర్‌ని దగ్గర్నుంచి తీసిన ఫొటో. కింద: “అన్నా, ఎస్ఎస్‌డీ కొంటాండా. దీనికేది పడుతుందో చెప్పు. ఇంకా ఆర్డర్ పెట్టలేదు.”