కట్టడం వచ్చింది సరే, కూల్చడం వచ్చా?

క్లబ్ గ్రూపులో "ఈ సంచికకి ఏదైనా రాయండ్రా" అని మెసేజ్ పెడితే ఒకరు వాన మీద, ఒకరు మెస్ సాంబారు మీద రాస్తామన్నారు. నేను బిల్లు మీద రాస్తానన్నాను. అందరూ నవ్వారు. ఆ బిల్లు వచ్చిన రోజు నాకు మాత్రం నవ్వు రాలేదు.

పోయిన సెమిస్టర్ మినీ ప్రాజెక్టు కోసం ఒక క్లౌడ్‌లో అకౌంట్ తెరిచాను. కార్డు బాపుది. వీడియోలో ఆయన ఎక్కడ నొక్కితే నేనూ అక్కడే నొక్కుతూ కన్సోల్‌లో మూడు నోడ్ల కుబర్నెటీస్ క్లస్టర్ లేపాను. డెమో అయింది, మార్కులు పడ్డాయి. నోడ్ల సంఖ్యని సున్నాకి దించి, పని అయిపోయిందనుకుని పడుకున్నాను. కంట్రోల్ ప్లేన్, లోడ్ బ్యాలెన్సర్, నాట్ గేట్‌వే, రెండు డిస్కులు మాత్రం పడుకోలేదు. నెల తిరిగేసరికి బాపు ఫోనుకి మెసేజ్ వెళ్లింది: పదకొండు వేలు కట్.

"ఏం కొన్నవ్ బిడ్డా?" అన్నాడు.

"ఏం కొనలే బాపూ. ఒకటి నడుస్తనే ఉండిపోయింది."

"మోటర్ ఆన్ చేసినోనికి బందు చేసుడు తెల్వదా?"

మాది నర్సంపేట వైపు పల్లె. మిర్చి వేస్తాం. ఆ పదకొండు వేలు ఏరుడు కూలీలకి ఇవ్వాల్సినవి. బాపు ఇంకొక్క మాట కూడా అనలేదు, అదే ఎక్కువ తగిలింది.

బాపు ఊరికే మోటరు సంగతి ఎత్తలేదు. 2018 జనవరి 1 నుంచి మన రాష్ట్రంలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైంది. ఆ రోజుల్లో ఊరూరా ఆటోస్టార్టర్లు తీసేయమని చెప్పారు. ఎందుకంటే కరెంటు ఉన్నంతసేపూ, పొలం దగ్గర మనిషి ఉన్నా లేకున్నా, మోటరు నీళ్లు తోడుతూనే ఉంటుంది. క్లౌడ్ కన్సోల్ మన చేతిలో అలాంటి ఆటోస్టార్టరే. ఒక్క బటన్ నొక్కితే వెనకాల పది వస్తువులు పుడతాయి. ఆ పదింటి పేర్లు మనకి తెలియవు. తెలియనిదాన్ని ఎట్లా బందు చేస్తాం?

అందుకే నా మాట సూటిగా చెప్తున్నా. మన కాలేజీలో క్లౌడ్ ప్రాజెక్టు చేసే ప్రతి టీమూ ముందు ఒకే ఒక్క నోడ్ ఉన్న క్లస్టర్‌ని కోడ్ రాసి లేపాలి. అదే కోడ్‌తో మొత్తం తీసేసి చూపించాలి. తీసేయడానికి కూడా మార్కులు ఉండాలి.

బిల్లు దెబ్బ తర్వాత నేను చేసింది ఇదే. టెర్రాఫార్మ్ 2014లో వచ్చిన పనిముట్టు. ఏం కావాలో ఫైల్లో రాస్తాం: ఒక చిన్న మెషీన్, ఒక స్థిరమైన ఐపీ, ఒక ఫైర్‌వాల్ నియమాల చిట్టా. "ప్లాన్" అంటే ఏమేం పుట్టబోతున్నాయో ముందే చూపిస్తుంది. "అప్లై" అంటే పుట్టిస్తుంది. "డిస్ట్రాయ్" అంటే తను పుట్టించిన ప్రతిదాన్నీ వెతికి తీసేస్తుంది. ఎందుకు తీయగలదంటే, పుట్టించినవన్నీ స్టేట్ ఫైల్ అనే పద్దు పుస్తకంలో రాసుకుంటుంది. నేను మర్చిపోయినవి అది మర్చిపోదు.

మెషీన్ మొదటిసారి లేచినప్పుడు నడవాల్సిన స్క్రిప్టు కూడా ఆ కోడ్‌లోనే ఉంటుంది. అందులో కే3ఎస్ పెట్టమని రాశాను. కే3ఎస్ అంటే 2019లో రాంచర్ వాళ్లు విడుదల చేసిన బక్కపల్చని కుబర్నెటీస్. మొత్తం 100 ఎంబీ లోపు ఒకే ఫైల్. ఈటీసీడీ బదులు మామూలు ఎస్‌క్యూలైట్‌తో సరిపెట్టుకుంటుంది. అయినా బయటికి కనిపించే ఏపీఐ అదే, వాడే కమాండ్లు అవే.

రెండు రాత్రులు మాత్రం ఏడిపించింది. క్లస్టర్ లేచింది, నా ల్యాప్‌టాప్ నుంచి కనెక్ట్ కాదు. కాన్ఫిగ్ ఫైల్లో సర్వర్ అడ్రస్ 127.0.0.1 అని ఉంది, అంటే నా ల్యాప్‌టాప్ తనని తానే పిలుచుకుంటోంది. అది మార్చి పబ్లిక్ ఐపీ పెడితే సర్టిఫికెట్ ఒప్పుకోలేదు, ఆ ఐపీ పేరు దాంట్లో లేదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడే ఆ ఐపీని చెప్పాలి. కానీ మెషీన్ పుట్టకముందు దాని ఐపీ ఎట్లా తెలుస్తుంది? కాబట్టి ముందు స్థిర ఐపీ తీసుకుని, దాన్ని స్క్రిప్టుకి అందించి, తర్వాత మెషీన్ లేపి, చివర్న రెండింటినీ ముడివేయాలి. ఈ వరస టెర్రాఫార్మ్ తనే పట్టుకుంటుంది. ఏది దేనిమీద ఆధారపడిందో మనకి అర్థం కావడం అసలు లాభం. సెమిస్టర్ అంతా స్లైడ్లు చూసినా నాకు ఎక్కని నెట్‌వర్క్స్ సగం ఆ రెండు రాత్రుల్లో ఎక్కింది.

ఇంకా రెండు జాగ్రత్తలు. 22, 6443 పోర్టులు లోకమంతటికీ తెరవొద్దు, మీ ఐపీకి మాత్రమే తెరవండి. హాస్టల్ వైఫై ఐపీ మారితే మళ్లీ అప్లై కొట్టుకోవాలి, అంతే. స్టేట్ ఫైల్‌ని గిట్‌హబ్‌లో పెట్టొద్దు, దాంట్లో పాస్‌వర్డులు విప్పి రాసి ఉండొచ్చు.

ఖర్చు సంగతి. కొన్ని పెద్ద క్లౌడ్‌లలో మేనేజ్డ్ కుబర్నెటీస్ కంట్రోల్ ప్లేన్‌కే గంటకు 10 సెంట్లు. నెలంతా వదిలేస్తే 73 డాలర్లు, నోడ్లు కాకుండానే. 2 జీబీ ర్యామ్ ఉన్న ఒక్క చిన్న మెషీన్, ఐపీ, డిస్కు కలిపితే గంటకు మూడు రూపాయల చుట్టుపక్కల. మూడు గంటల ల్యాబ్ చేసి డిస్ట్రాయ్ కొడితే ఒక చాయ్ డబ్బులు.

సీనియర్లు అడిగేది నాకు తెలుసు. "ఒక్క నోడ్ ఉంటే అది క్లస్టర్ ఎట్లయితదిరా?" ప్రశ్న న్యాయమైందే. ఆ మెషీన్ పోతే అన్నీ పోతాయి. ఒక నోడ్ పడితే పాడ్లు ఇంకో నోడ్‌కి వెళ్లడం అనే ముఖ్యమైన దృశ్యం ఇందులో కనిపించదు. జనం వాడే సైట్‌ని దీనిమీద పెట్టమని నేను అనను. కానీ నా మూడు నోడ్ల క్లస్టర్‌లో నేను ఏ నోడ్‌ని పడగొట్టి చూశాను? ఏదీ లేదు. స్క్రీన్‌షాట్‌లో మూడు పచ్చ చుక్కలు ఉండాలని పెట్టాను.

"ల్యాప్‌టాప్‌లో మినీక్యూబ్ ఉంది గదా, క్లౌడ్ ఎందుకు?" అనే వాళ్లకి: 16 జీబీ ర్యామ్ ఉంటే తప్పకుండా అదే చేయండి, పైసా ఖర్చు లేదు. నా దగ్గర ఉన్నది 4 జీబీ. పైగా నలుగురి టీమ్‌లో నలుగురూ ఒకే లింక్ తెరిచి చూడాలంటే అది ఎవరి గదిలోనో ఉంటే కుదరదు. ఇప్పుడు అమెజాన్ హైదరాబాద్ రీజియన్ కూడా ఉంది, 2022 నవంబర్‌లో మొదలైంది. మన కోడ్ కాజీపేటలో రైలెక్కినంత దూరంలోనే నడుస్తుంది.

డబ్బు కంటే పెద్ద విషయం ఇంకోటి. ఒక ఫెస్ట్ సైట్‌ని ఒక అన్న కన్సోల్‌లో కట్టాడు, బాగా కట్టాడు. ఆయన పాసై వెళ్లిపోయాడు. మరుసటి ఏడాది సైట్ పడిపోయింది. ఏ సెట్టింగ్ ఎందుకు పెట్టాడో ఆయనకే గుర్తు లేదు, మేం మొదటి నుంచి కట్టుకున్నాం. మన వేయిస్తంభాల గుడికి వెళ్లినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. అక్కడి కల్యాణ మండపాన్ని పురావస్తు శాఖ వాళ్లు 2006 ప్రాంతంలో రాయి రాయిగా విప్పి, తిరిగి నిలబెట్టి 2024 మార్చిలో తెరిచారు. విప్పేటప్పుడు రాళ్లకి నంబర్లు వేశారు. ఏళ్లు పట్టింది, అయినా తిరిగి నిలబడింది. నంబర్లు లేకపోతే అది రాళ్ల కుప్ప. మన ప్రాజెక్టుల్లో చాలావరకు నంబర్లు వేయని రాళ్లే.

కాబట్టి సార్లకి, క్లబ్ కోఆర్డినేటర్లకి నా విన్నపం ఇది. క్లౌడ్ ప్రాజెక్టుకి స్క్రీన్‌షాట్లు తీసుకోకండి. కోడ్ తీసుకోండి. వైవా రోజు ఖాళీ అకౌంట్‌లో ఎదురుగా అప్లై కొట్టించండి, పది నిమిషాలు పట్టదు. ప్రశ్నలు అయ్యాక డిస్ట్రాయ్ కొట్టించండి. అకౌంట్ మళ్లీ ఖాళీ అయిందో లేదో చూసి అప్పుడు సంతకం పెట్టండి.

ఇక నా సంగతి. దసరా సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు బాపుకి ల్యాప్‌టాప్‌లో డిస్ట్రాయ్ కొట్టి చూపించాను. ఒక్కో లైను పోతూ పోతూ చివరికి ఏడు తీసేసినట్టు చూపించింది. బాపు తెరవంకే చూస్తూ "ఏడే పెట్టినవా? ఇంకేం లేదు గదా?" అన్నాడు.

"లేదు బాపూ, ఏడే."

ఈసారి ఆ లెక్క నాకు తెలుసు.