చీకటి ఆటలు – దాచిన మాటలు



కంప్యూటరు ఆట అనగానే మనకు తుపాకులు, కార్ల పందేలు గుర్తుకొస్తాయి. మరో రకం ఆటలు కూడా ఉన్నాయి. వీధి నాటకంలో వేషం కట్టినట్టు, ఆడేవారు కథలో ఒక పాత్రను తమ చేతిలోకి తీసుకుంటారు. ఎటు నడవాలో, ఏ తలుపు తెరవాలో వారే నిర్ణయిస్తారు. వీటిని రోల్ ప్లేయింగ్ ఆటలంటారు. కొన్నింటిని పెద్ద కంపెనీలు కాక, ఒక్కరో కొద్దిమందో కూర్చుని తయారు చేస్తారు. ఆర్‌పీజీ మేకర్ అనే జపాను సాఫ్ట్‌వేరు ఉంటే ప్రోగ్రామింగు పెద్దగా రాకపోయినా పని జరుగుతుంది. పైన అడిగేవారు లేరు గనుక తమ మనసులోని భయాన్నంతా అందులో పెట్టగలరు.

జపానులో కికియామా అనే మారుపేరుతో ఒకరు 2004లో 'యుమె నిక్కి' అనే ఆటను ఉచితంగా విడుదల చేశారు. కలల డైరీ అని దాని అర్థం. గది దాటి బయటికి రాని ఒక అమ్మాయి తన కలల్లో తిరుగుతూ ఉంటుంది. ఆమెకు ఏమైందో ఆట ఎక్కడా చెప్పదు, మనమే ఊహించుకోవాలి. ముగింపు విషాదం. ఫిన్లాండుకు చెందిన మీరో హావెరినెన్ 2018లో తెచ్చిన 'ఫియర్ అండ్ హంగర్' ఇంకా కఠినమైనది. అందులో ఆకలి, అవయవాలు తెగిపోవడం, లైంగిక హింస ఉన్నాయి. కొన్ని చోట్ల నాణెం బొమ్మా బొరుసా అన్నదాని మీదే ప్రాణం ఆధారపడుతుంది. ఇది పిల్లలకు తగినది కాదు, ఇందులో సందేహం అక్కర్లేదు.

అయితే అన్నింటినీ ఒకే గాటన కట్టలేము. అమెరికాలో ఓమోక్యాట్ అనే చిత్రకారిణి బృందం 2020 డిసెంబరు 25న, సరిగ్గా క్రిస్మస్ నాడు, 'ఓమోరి' విడుదల చేసింది. బొమ్మలు చూస్తే చిన్నపిల్లల పుస్తకంలా ముద్దుగా ఉంటాయి. సన్నీ అనే కుర్రవాడు నాలుగేళ్లుగా ఇల్లు కదలడు. కలలో మాత్రం స్నేహితులు, నవ్వులు, రంగుల లోకం. ఆ లోకంలో ఒక నల్లని ఆకారం వాణ్ణి వెంటాడుతూ ఉంటుంది. అదేమిటో చివరికి గాని తెలియదు. కచేరీ రోజున జరిగిన గొడవలో వాడు తోయగా అక్క మెట్ల మీద నుండి పడి చనిపోయింది. భయపడి, స్నేహితుడితో కలిసి దాన్ని ఆత్మహత్యలా కనిపించేటట్లు చేశారు. ఆ రహస్యమే వాణ్ణి లోలోపల తినేసింది.

ఈ ఆటకు ముగింపులు చాలా ఉన్నాయి. కొన్నింటిలో సన్నీ ప్రాణం తీసుకుంటాడు. అసలైన ముగింపులో స్నేహితుల ముందు నోరు తెరిచి నిజం చెబుతాడు. వారు క్షమించారో లేదో ఆట చూపదు. క్షమాపణ దొరుకుతుందో లేదో తెలియకుండానే నిజం చెప్పడం ఎంత కష్టమో, ఒప్పుకోలు గురించి తరచూ వినే మనకు తెలియనిది కాదు.

తల్లిదండ్రులారా, ఇక్కడ ఒక సంగతి గమనించండి. 'ఓమోరి' మొదట్లోనే, ఇందులో మానసిక కుంగుబాటు, ఆత్మహత్య ఉన్నాయని హెచ్చరిస్తుంది. కాని పిల్లలు ఆడకుండా, ఇతరులు ఆడిన వీడియోలను ఫోనులో చూస్తుండవచ్చు. మధ్యలోంచి చూసే బిడ్డకు ఆ హెచ్చరిక కనిపించదు. వెనుక నుండి తొంగిచూసిన మనకు ముద్దు బొమ్మలే కనిపిస్తాయి.

వెంటనే ఫోను లాక్కోవద్దు. లాక్కుంటే చూడటం ఆగకపోవచ్చు గాని మనతో చెప్పడం ఆగిపోతుంది. పక్కన కూర్చోండి. "ఈ అబ్బాయికి ఏమైంది? ఎందుకు బయటికి రావడం లేదు?" అని అడగండి. తన సంగతి చెప్పలేని బిడ్డ కొన్నిసార్లు కథలోని బిడ్డ సంగతి చెబుతాడు. లైంగిక హింస ఉన్న ఆటయితే, ఎందుకు వద్దంటున్నారో కారణం చెప్పి ఆపండి.

బిడ్డ చావు గురించి మాట్లాడితే గద్దించకండి. "మేమున్నాం, చెప్పు" అనండి. ఒంటరిగా వదలకండి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్‌కు 14416 నంబరులో ఉచితంగా, రాత్రయినా పగలయినా ఫోను చేయవచ్చు. ప్రార్థనతోపాటు వైద్యుని సహాయం తీసుకోవడం అవిశ్వాసం కాదు.

సన్నీ నోరు తెరవడానికి నాలుగేళ్లు పట్టింది. మన బిడ్డలకు అంతకాలం పట్టకూడదు. ఈ నెలలో ఒక సాయంత్రం భోజనాలయ్యాక దీని కోసం కేటాయించండి.