సెలోపెహాదు కుమార్తెలు



యూదులు తమ ధర్మగ్రంథమగు తోరాను 54 భాగములుగా విభజించి, ప్రతి శనివారమును సమాజమందిరమున వరుసగా చదువుచు, ఏడాదిలో ముగించి మరల మొదలిడుదురు. సాధారణముగా జూలై మాసమున వచ్చు ‘ఫీనెహాసు’ అను భాగమందు స్త్రీలు ముఖ్యముగా తెలిసికొనదగిన కథ యొకటి కలదు.

ఇశ్రాయేలీయుల అరణ్యవాసము ముగియవచ్చెను. రానున్న దేశమును పంచుకొనుటకై మగవారి లెక్క వ్రాయబడెను. సెలోపెహాదు అనునతడు కుమారులు లేకయే అదివరకు మరణించియుండెను. అతనికి మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా యను అయిదుగురు కుమార్తెలు. ఆ లెక్క చొప్పున వారి యింటికి భూమి లేదు.

వారు ఇంట కూర్చుండి విలపింపలేదు. ప్రత్యక్షపు గుడారము వాకిట, మోషే యెదుటను పెద్దలందఱి యెదుటను నిలిచిరి. తమ తండ్రి కోరహు తిరుగుబాటులో చేరినవాడు కాడని ముందుగా తెలిపిరి. కుమారుడు లేనంతమాత్రమున అతని పేరేల మాసిపోవలెనని యడిగి, తండ్రి సోదరులతోపాటు తమకును భూమి నీయుడని కోరిరి.

మోషే వారిని కసరలేదు. తనకు తోచిన తీర్పును చెప్పనులేదు. ఆ వ్యాజ్యెమును దేవుని సన్నిధిని విన్నవించెను. వారు పలికినది న్యాయమే యని ఉత్తరువాయెను. కుమారుడు లేనియెడల ఆస్తి కుమార్తెకు చెందవలెనని శాసనమేర్పడెను. మోషే కంటికి కానరానిది వీరి కంటికి కనబడెనని 11వ శతాబ్దపు వ్యాఖ్యాత రాషీ మెచ్చుకొనెను. గ్రంథమున రెండు తావుల వారి పేర్ల వరుస మాఱుటచే, అయిదుగురును సమానులే యని యాతడు వివరించెను.

అయినను కొఱత లేకపోలేదు. కుమారుడున్నచో కుమార్తెకు ఈ శాసనమున భాగము లేదు. పిమ్మట, భూమి పరగోత్రమునకు పోవునని వంశపు పెద్దలు మొఱపెట్టగా, తమ గోత్రమువారినే పెండ్లాడవలెనని వీరికి విధింపబడెను. వారట్లే చేసిరి. యెహోషువ కాలమున వారి భూమి వారికి దక్కెను.

మన యిండ్లలో ఆడుపిల్ల నాకేదని యడిగిన, గయ్యాళి యనుట కలదు. అంతటి మోషేయే తనకు తెలియనిదానిని విచారించి చెప్పెను గదా! మీ బాలిక యేదేని న్యాయము నడిగినప్పుడు, నోరు మూయుమనుటకు ముందు ఒక్కమారు ఆ గుడారపు వాకిలిని తలచుకొనుడు.